ఒప్పుకున్నాడు సరే, ఎవరి ముందు?

ఊళ్లో హత్య జరుగుతుంది. పది రోజులు తిరక్కుండా పేపర్లో ఫొటో వస్తుంది. ముసుగు వేసిన మనిషి మధ్యలో, అటూ ఇటూ పోలీసులు, ముందు బల్ల మీద ఒక కత్తి, ఒక సెల్‌ఫోను, ఒక పాత బండి తాళం. కింద ఎప్పుడూ ఉండే ముక్కే - ‘పోలీసుల విచారణలో నేరం అంగీకరించాడు’. ఇక టీ కొట్టు దగ్గర తీర్పు అయిపోతుంది. బస్సులో తీర్పు అయిపోతుంది. ఆఖరికి మన పేటలో వేపచెట్టు కింద కూడా ‘ఒప్పుకున్నాడంటగా, ఇంకేముంది’ అనేస్తారు.

ఆ ముసుగు కింద ఉన్నది ఎవరు? పేరు వేయకపోయినా మనకి తెలుస్తూనే ఉంటుంది. మాల, మాదిగ, ఎరుకల, యానాది, లంబాడీ, పేద ముస్లిం, లారీ క్లీనరు, హోటల్లో ప్లేట్లు కడిగేవాడు. భూమి ఉన్నవాడు, వెనక మనిషి ఉన్నవాడు ఆ బల్ల వెనక నిలబడడం ఎప్పుడో గాని చూడం. స్టేషన్‌కి పోయినా అతనికి కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, లాయరు ముందే వచ్చి కూచునుంటాడు. ‘ఒప్పుకోవడం’ అనేది మనవాళ్లకి రాసిపెట్టిన పని.

మా బడిలో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతి వారం రోజులు రాలేదు. కబురు చేస్తే తల్లి వచ్చింది. ఊళ్లో గట్టు తగాదాలో ఒక మోతుబరి చనిపోయాడు. ఆయన చేలో కూలికెళ్లే ఈ పిల్ల తండ్రిని రాత్రి రెండింటప్పుడు జీపెక్కించుకుని పోయారు. ఐదో రోజుకి గాని ఎక్కడున్నాడో చెప్పలేదు. ఆ తల్లి మా ముందు నిలబడి అన్న మాట మాకింకా చెవుల్లోనే ఉంది. ‘మాస్టారూ, మా ఆయన ఒప్పుకున్నాడంట. ఒప్పుకున్నాక లాయరెందుకు, డబ్బులు దండగ అంటన్నారు అందరూ. నిజమేనా?’

నిజం కాదు. ఆ మాట నిజం కాదని ఊరూరా, పేటపేటా తెలియాలనే ఈ సంపాదకీయం రాస్తున్నాం.

చట్టం ఏం చెబుతుందో ముందు సూటిగా చూద్దాం. 1872లో చేసిన సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అని ఒకటుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా కోర్టులో రుజువు చేయకూడదు. అంతే, అందులో మెలిక లేదు. కొట్టి చెప్పించారా, కొట్టకుండా చెప్పాడా అన్న ప్రశ్నే లేదు. పోలీసుకి చెప్పాడు కాబట్టే అది పనికిరాదు. 26వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. పోలీసు కస్టడీలో ఉన్న మనిషి పోలీసుకి కాక ఇంకెవరికి చెప్పుకున్నా, మేజిస్ట్రేటు ఎదురుగా ఉంటే తప్ప అదీ చెల్లదు. ఆ చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఇప్పుడు ఇవన్నీ అందులో 23వ సెక్షన్ కింద ఉన్నాయి. నెంబరు మారింది గాని అసలు సంగతి మారలేదు.

చంపినవాడే తన కాళ్లతో నడిచి స్టేషన్‌కి పోయి ‘నేనే చంపాను’ అని రాసిస్తే? అప్పుడూ అంతే. ఇప్పటి జార్ఖండ్‌లో ఒక ఆదివాసీ రైతు అలాగే పోయి తానే ఫిర్యాదు రాయించాడు. దాన్నే సాక్ష్యంగా పట్టుకుని కింది కోర్టు, హైకోర్టు శిక్ష వేశాయి. 1965లో సుప్రీంకోర్టు ఆ కాగితంలో నేరం ఒప్పుకున్న భాగమంతా పక్కన పెట్టాల్సిందేనని చెప్పింది. ఎందుకు, ఎలా, ఏ తగాదా మీద చంపాడో చెప్పిన మాటలు కూడా ఒప్పుకోలులో భాగమేనని, వాటిని ముక్కలు కోసి వాడుకోవడం కుదరదని తేల్చింది. మిగిలిన సాక్ష్యం చాలక అతన్ని వదిలేసింది.

ఇంత గట్టి నియమం ఎందుకొచ్చింది? తెల్లవాడు మన మీద జాలిపడి రాశాడనుకుంటే పొరపాటు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాలు కూడా ఉన్న రాజ్యంలో, జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారని గోల లేస్తే కంపెనీ ఒక కమిషన్ వేసింది. 1855లో అది నివేదిక ఇచ్చింది. అప్పట్లో శిస్తు వసూలు చేసేదీ, పోలీసు పెత్తనం చేసేదీ ఒకే చెయ్యి - తాసీల్దారు, ఆయన కింద బంట్రోతులు. శిస్తు కట్టకపోయినా కిట్టి వేసి వేళ్లు నలిపేవాళ్లు, నేరం ఒప్పించడానికీ కిట్టే వేసేవాళ్లు. ఎండలో వంగదీసి నిలబెట్టేవాళ్లు. కమిషన్ ముందుకొచ్చిన ఫిర్యాదుల్లో ఇవన్నీ ఉన్నాయి. ఆ తర్వాత 1861లో చేసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదనే నియమం వచ్చింది. 1872లో దాన్ని సాక్ష్య చట్టంలోకి తెచ్చారు. ఎండలో తిరిగి ఆధారాలు వెతకడం కంటే నీడపట్టున కూచుని దొరికినవాణ్ణి హింసించడం సులువని ఆ చట్టం రాసిన స్టీఫెన్ దొరకీ తెలుసు. తన పోలీసుని తానే నమ్మని ప్రభుత్వం రాసుకున్న నియమం ఇది.

కిట్టి పోయింది. రోకలి వచ్చింది, కోదండం వచ్చింది, కరెంటు వచ్చింది. నియమం మాత్రం 160 ఏళ్లుగా నిలబడింది. మరి నిలబడ్డా మనవాళ్లు జైళ్లలో ఎందుకు మగ్గుతున్నారు? ఎందుకంటే అదే చట్టంలో గోడ పక్కనే ఒక కిటికీ పెట్టారు. దాని పేరు 27వ సెక్షన్. ఇప్పుడది 23వ సెక్షన్‌కి చివర తోకగా ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా ఒక విషయం కొత్తగా బయటపడితే, ఆ బయటపడ్డదానికి నేరుగా సంబంధించిన మాటల వరకూ కోర్టులో చెప్పొచ్చు.

ఈ కిటికీ వెడల్పెంతో కొలిచి చెప్పిన కేసు మన గుంటూరు జిల్లాదే. పులుకూరి కొట్టయ్య కేసు అంటారు. లా కాలేజీల్లో దేశమంతా చదువుతారు, మన ఊళ్లలో మాత్రం ఎవరికీ తెలియదు. గుంటూరు సెషన్స్ కోర్టులో విచారణ జరిగి, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. ఒక నిందితుడు పోలీసులకి చెప్పిన వాంగ్మూలంలో చెరువు దగ్గర కాపు వేసి ఫలానా ఫలానావాళ్లం కొట్టి చంపామనీ ఉంది, బల్లెం తీసుకెళ్లి గడ్డివామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ ఉంది. మొత్తం వాంగ్మూలం సాక్ష్యమేనని ప్రాసిక్యూషన్ వాదన. 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిల్ అది తప్పని చెప్పింది. దాచాను, చూపిస్తాను అన్నంతవరకే చెల్లుతుంది. చంపాము, పొడిచాము అన్నది చెల్లదు.

దీన్ని మన మాటల్లో చెప్పుకుందాం. ‘ఎంకయ్యని పొడిచిన కత్తి మా ఇంటి చూరులో పెట్టాను’ అని ఒకడు పోలీసులకి చెప్పాడనుకోండి. వాళ్లు పోయి చూరులో కత్తి తీశారు. కోర్టులోకి వచ్చేది ‘కత్తి మా ఇంటి చూరులో పెట్టాను’ అన్నంతే. ‘ఎంకయ్యని పొడిచిన’ అన్న ముక్క గుమ్మం బయటే ఆగిపోవాలి. ఎందుకంటే బయటపడ్డది కత్తి ఒక్కటే కాదు, ఆ కత్తి అక్కడుందని అతనికి తెలుసన్న సంగతి. అతనికి తెలుసు, అంతే. ఆ కత్తితోనే ఎంకయ్యని పొడిచారని, పొడిచింది అతనేనని వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. కత్తి లేని ఇల్లు ఊళ్లో ఎక్కడుంది? పోలీసులకి ముందే తెలిసిన చోటుకి అతన్ని నడిపించి ‘చూపించాడు’ అని రాస్తే అదీ చెల్లదు. ముందే తెలిసినదాన్ని కొత్తగా బయటపెట్టేదేముంది?

కాగితం మీద ఇది బాగానే ఉంది. స్టేషన్‌లో జరిగేది వేరు. కత్తి ముందు దొరుకుతుంది, మాట తర్వాత పుడుతుంది. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు బడికి కానిస్టేబులొచ్చి ‘మాస్టారూ, ఎస్సైగారు రమ్మంటున్నారు, చిన్న సంతకం’ అన్నాడు. పోయాం. దొంగతనం కేసు. ఒక ఎరుకల కుర్రాడు గోడకి ఆనుకుని కూచునున్నాడు. బల్ల మీద రెండు ఇత్తడి బిందెలు, ఒక ఇనప రాడ్డు. పంచనామా అప్పటికే రాసి ఉంది. ఆ కుర్రాడు మా సమక్షంలో నేరం చెప్పి, మమ్మల్ని వెంటబెట్టుకుపోయి పంపుషెడ్డు వెనక నుంచి ఆ వస్తువులు తీసిచ్చాడని అందులో ఉంది. మేం ఏ పంపుషెడ్డుకీ పోలేదు. అయినా సంతకం పెట్టాం. భయం ఒకటి. రెండోది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది - ఎస్సై కుర్చీ వేసి ‘మాస్టారూ’ అన్నాడు. మా ఇంట్లో మా ముందు ఎవరినీ ఆ గదిలో కూచోబెట్టలేదు. ఆ కుర్రాడు కోర్టులో నేరం ఒప్పేసుకున్నాడు, శిక్ష పడింది, మమ్మల్ని సాక్ష్యానికి పిలవనే లేదు. అతను దొంగతనం చేశాడో లేదో మాకు ఈనాటికీ తెలియదు. మేం చూడనిది చూశామని రాసిచ్చిన సంగతి మాత్రం తెలుసు.

ఎందుకు చెబుతున్నామంటే, పంచ్‌గా సంతకం పెట్టేది ఇప్పుడు మనవాళ్లే కూడా. ఊరి రెవెన్యూ ఉద్యోగి, పంచాయతీ సెక్రటరీ, బడిపంతులు. రిజర్వేషన్ పోరాటం పెట్టిన చిన్న ఉద్యోగం, దాని మీద పెద్ద అధికారి ఒత్తిడి. కుట్ర ఎస్సై ఒక్కడిదే కాదు, మన సంతకం లేకపోతే ఆ కాగితం నిలబడదు. చూడనిదానికి సంతకం పెట్టనని చెప్పే దళిత ఉద్యోగి ఒక్కడు మండలానికి ఉన్నా ఎన్నో కేసులు స్టేషన్‌లోనే ఆగిపోతాయి.

ఇంకో దారి కూడా ఉంది. పోలీసుకి చెప్పింది చెల్లదు కాబట్టి, పోలీసు కానివాడికి చెప్పినట్టు రాస్తారు. నిందితుడు తనంతట తాను ఊరి ఉద్యోగి దగ్గరికో, సర్పంచి దగ్గరికో పోయి కాళ్లావేళ్లా పడి ఒప్పుకున్నాడట. ఆయన రాసుకుని, వెంటబెట్టుకొచ్చి స్టేషన్‌లో అప్పగించాడట. హత్య కేసుల కాగితాల్లో ఈ కథ ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పోలీసు కస్టడీ బయట చెబితే చట్టం దాన్ని పూర్తిగా తోసిపుచ్చదు గాని, అది బలహీనమైన సాక్ష్యమని కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి. ఇద్దరికీ ఏం చనువు? అతని దగ్గరికే ఎందుకు పోయాడు? ఈ ప్రశ్నలు మన లాయరు గట్టిగా అడగాలి. ముఖాముఖి పేరు పెట్టి పిలవడానికి కూడా వెనకాడే దొర దగ్గరికి మన కూలోడు పోయి గుండె విప్పుకున్నాడంటే ఎవరు నమ్ముతారు?

ఒప్పుకున్నాడన్న ప్రకటనకి, కోర్టు తీర్పుకి మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుగు నేల మీద అందరూ చూసిన కేసు ఒకటుంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినిని దారుణంగా చంపారు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ణి పట్టుకుని, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. అతని పేరు ఇక్కడ రాయం, ఆ పేరు ఇప్పటికే చాలినంత నలిగింది. జబ్బు చేసి నడవలేని స్థితిలో ఉన్న అతన్ని మోసుకుపోతున్న ఫొటోలు జనమంతా చూశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షని కొట్టేసి అతన్ని విడుదల చేసింది, లక్ష రూపాయలు చెల్లించమని చెప్పింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ పిల్ల తల్లిదండ్రులు కూడా మొదటినుంచీ పోలీసుల కథ నమ్మలేదు. 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. కాగితాలు ఎటు నడిచినా మనం పట్టుకోవాల్సింది ఒకటే - పోలీసుల ప్రెస్‌మీటు హత్యని రుజువు చేయదు. పిల్లని పోగొట్టుకున్న ఇంటికీ న్యాయం రాదు, పట్టుబడ్డ ఇంటికీ న్యాయం రాదు.

రెండో ఉదాహరణ ఇంకా భయంకరం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. లారీల మీద పనిచేసే నలుగురు కుర్రాళ్లని పట్టుకున్నారు, ఒప్పుకున్నారని ప్రకటించారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గరికి తీసుకుపోయారు. ఎందుకు? ఆమె వస్తువులు ఎక్కడ దాచారో చూపించడానికట. అంటే మనం చెప్పుకున్న ఆ 27వ సెక్షన్ పని మీదే. అక్కడ నలుగురూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఒప్పుకోలుని కోర్టు పరీక్షించేదాకా ఆగకపోతే ఏమవుతుందో అదే చటాన్‌పల్లి. ఆ రోజు పూలు చల్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి దాచుకోనక్కర్లేదు. ఆడపిల్లకి జరిగిన ఘోరం చూసి రక్తం ఉడికింది. కానీ ఆ తుపాకీ రేపు ఎటు తిరుగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలియాలి?

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానం మీద పట్టుకొచ్చిన దళిత మహిళ చనిపోయింది. ఆమెని తెచ్చింది తీర్పు చెప్పడానికి కాదు, ‘ఒప్పించడానికి’.

ఇక్కడ మనల్ని మనమే ఒక కష్టమైన ప్రశ్న అడుక్కోవాలి. చనిపోయింది మనవాళ్లైతే? 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మన బిడ్డల్ని నరికినవాళ్లని పోలీసులు పట్టుకుని ‘ఒప్పుకున్నారు’ అంటే మనకి సంతోషంగా ఉండదా? ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదంటే కడుపు మండదా? మండుతుంది. అట్రాసిటీ కేసుల్లో మన కుర్రాళ్లు ‘వాళ్లని లోపలేసి నాలుగు తగిలిస్తే నిజం కక్కుతారు’ అనడం మేం విన్నాం.

కానీ ఆలోచించండి. మోతుబరిని లోపలేసి తగిలించే పోలీసు ఎక్కడున్నాడు? ఆ లాఠీ ఎప్పుడూ కిందికే దిగుతుంది, పైకి లేవదు. పోలీసు ముందు చెప్పింది చెల్లాలని చట్టం మారిస్తే ఆ చట్టం కింద మొదట పడేది మనమే. టాడా కింద ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలు చెల్లుతుందని పెట్టారు, 1994లో సుప్రీంకోర్టు దానికి ఆమోదం చెప్పింది. 1995లో టాడా పోయింది, 2002లో పోటాగా తిరిగొచ్చింది, 2004లో అదీ రద్దయింది. మామూలు కేసులన్నిటికీ అదే వర్తింపజేయాలని 2003లో మలిమత్ కమిటీ సిఫార్సు చేసింది. 2023లో కొత్త చట్టాలు రాసినప్పుడు ఆ సిఫార్సు అందులోకి రాలేదు. రాలేదు కదా అని నిశ్చింతగా ఉండే విషయం కాదు. పెద్ద నేరం జరిగినప్పుడల్లా టీవీలో కూచున్న పెద్దమనుషులు మళ్లీ అదే అడుగుతారు.

మనవాళ్లని చంపిన కేసులు ఓడిపోయింది ఒప్పుకోలు చెల్లకపోవడం వల్ల కాదు. చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో ఎవరు చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదని చెప్పింది. ఆ తీర్పుతో మనకి పేచీ ఉంది. ప్రాణభయంతో చేలల్లో పడి పరుగెత్తినవాడు గడియారం చూసుకుంటాడా? కానీ అందులో మనకొక పాఠం కూడా ఉంది. సాక్ష్యం పోగయ్యేది మొదటి రోజుల్లో. శవం ఎక్కడ దొరికిందో, రక్తం ఎక్కడ పడిందో, ఎవరు ఎక్కడినుంచి చూశారో మొదటి రోజుల్లోనే రాసుండాలి. మన సాక్షుల వాంగ్మూలాలు వెంటనే మేజిస్ట్రేటు ముందు రికార్డు చేయించాలి. దోషిని కొట్టమని అడగడం కాదు, దర్యాప్తు చేయమని అడగాలి. కొట్టడం దర్యాప్తు కాదు, దర్యాప్తు ఎగ్గొట్టడం. కొట్టి కాగితం రాసుకున్న పోలీసు ఇక వేలిముద్రలు, ఫోను రికార్డులు, రక్తపు మరకలు వెతకడు. కోర్టులో కాగితం చెల్లదు, చేతిలో ఇంకేమీ ఉండదు. అసలు చంపినవాడు ఇంట్లో కూచుని నవ్వుకుంటాడు.

నిజంగా చేసినవాడు పశ్చాత్తాపపడి చెప్పుకోవాలంటే చట్టం దారి మూయలేదు. మేజిస్ట్రేటు ముందు చెప్పొచ్చు. ఒకప్పుడు 164వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 183. నువ్వు చెప్పాల్సిన పని లేదు, చెబితే నీ మీదే వాడతారు అని మేజిస్ట్రేటు ముందే వివరించాలి. ఇష్టపూర్వకంగా చెబుతున్నాడని నమ్మకం కుదిరితేనే రాసుకోవాలి. చెప్పడం ఇష్టం లేదు అంటే అతన్ని తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. ఈ ఆఖరి మాట మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ‘మేజిస్ట్రేటు దగ్గర కాదన్నావో, మళ్లీ మా దగ్గరికే వస్తావు’ అన్న బెదిరింపు మీదే సగం ఒప్పుకోళ్లు నడుస్తాయి.

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే చూశాడు. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, తనకి నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి అనే 22వ అధికరణాన్ని 1949 సెప్టెంబరులో రాజ్యాంగసభలో స్వయంగా ప్రవేశపెట్టింది అంబేద్కరే. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆయన చేతిలో పుస్తకం చూస్తాం. ఆ పుస్తకంలో లాకప్పు తలుపు గురించి కూడా ఉందని మన పిల్లలకి చెప్పాలి.

ఇక చేయాల్సిన పని. పేటలో ఎవర్నైనా తీసుకుపోతే ఎన్నింటికి, ఏ బండిలో, ఎవరు తీసుకుపోయారో అప్పుడే కాగితం మీద రాసి నలుగురు సంతకాలు పెట్టండి. పూర్వం టెలిగ్రాం కొట్టేవాళ్లం, అది 2013లో ఆగిపోయింది. ఇప్పుడు ఎస్పీకి, మేజిస్ట్రేటుకి, మానవ హక్కుల కమిషన్‌కి స్పీడు పోస్టు పంపి రసీదు దాచండి. ఆ రసీదే రేపు ‘24 గంటల్లోనే తెచ్చాం’ అన్న అబద్ధాన్ని పట్టిస్తుంది.

లాయరు ఖర్చుకి భయపడొద్దు. ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా, కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 చట్టం ఇచ్చింది. 15100కి ఫోన్ చేసినా, మండల న్యాయసేవా కమిటీకి పోయినా అడగొచ్చు. ఆ లాయరు ఎలా పనిచేస్తాడో కనిపెట్టుకుని ఉండడం మన సంఘం పని.

పోలీసుకి చెప్పిన వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని చట్టమే అంటుంది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర అసలే వేయొద్దు. ‘ఫలానావాడు నీ పేరు చెప్పాడు’ అంటే బెదరొద్దు. అతను పోలీసుకి చెప్పింది అతని మీదే చెల్లనప్పుడు నీ మీద ఎలా చెల్లుతుంది? మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు దెబ్బలుంటే చొక్కా ఎత్తి చూపించండి. నోరు పెగలకపోతే ‘కొట్టారయ్యా’ అన్న ఒక్క మాట చాలు, దాన్ని రాయమనండి, డాక్టరు దగ్గరికి పంపమనండి. వస్తువు దొరికిందంటే దాన్ని తీసుకున్నప్పటి వీడియో అడగమని లాయరుకి చెప్పండి. కొత్త సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజుల ఫుటేజీ భద్రపరచాలని మొదటి వారంలోనే అర్జీ పెట్టించండి. ఒకటి మాత్రం జాగ్రత్త. కొత్త సంహితలో పోలీసు కస్టడీ పదిహేను రోజుల్ని ముక్కలు ముక్కలుగా మొదటి 40 రోజుల్లో, పెద్ద నేరాలకైతే 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. అందుకే జైలుకి పంపారు కదా, ఇక కొట్టరులే అని నిద్రపోవద్దు. వారం వారం పోయి చూడండి.

ఆ ఏడో తరగతి పిల్ల తండ్రికి లాయర్ని పెట్టించాం. పోలీసులు రాసుకున్న ఒప్పుకోలుని కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. గడ్డి కోసుకునే కొడవలి ఒకటి ‘దొరికింది’, దానికి రక్తం ఉందని తేలలేదు. మూడేళ్లకి వదిలేశారు. మూడేళ్లూ బెయిలు రాలేదు. ఈలోగా అరెకరం పోయింది, గేదె పోయింది. పిల్ల మళ్లీ బడికి రాలేదు. మిరపచేలో కూలికి పోతుంది, కనిపిస్తే తల వంచుకుని ‘నమస్తే మాస్టారూ’ అంటుంది. చట్టం ఆ తండ్రిని చివరికి కాపాడింది. మొదటి రాత్రే కాపాడాల్సింది చట్టం కాదు, మనం.

కాబట్టి ఈసారి పేపర్లో ఆ ఫొటో వచ్చినప్పుడు, టీ కొట్టు దగ్గర ఎవరైనా ‘ఒప్పుకున్నాడంటగా’ అన్నప్పుడు, గ్లాసు కింద పెట్టి ఒక్క ప్రశ్న అడగండి. ఒప్పుకున్నాడు సరే, ఎవరి ముందు?

జై భీమ్.